పిక్సీకి జవాబు రాకపోతే కిట్ మార్చాలా?

ప్రశ్న: మాది సోంపేట. ఐటీఐ చేసి సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకుంటున్నాను. ఈమధ్య మోర్స్ కోడ్ మీద, తక్కువ పవర్ రేడియోల మీద మనసు పడింది. ఆన్‌లైన్‌లో పిక్సీ అనే కిట్ తెప్పించి ఒక్క రాత్రిలో బిగించేశాను. డాబా మీద పొడుగు వైరు కట్టి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బుస్సుమనే చప్పుడు, అందులో అప్పుడప్పుడూ కుయ్ కుయ్ మని మోర్స్ వినిపిస్తున్నాయి. చీకటి పడితే మాత్రం ఏదో విదేశీ రేడియో స్టేషన్ పాటలతో సహా మీద పడిపోతోంది. కిట్‌లో తప్పేమైనా ఉందా? నాకింకా లైసెన్సు లేదు. ఒక వాటు కూడా రాని దానికి లైసెన్సు నిజంగా కావాలా? ఇది పక్కన పడేసి క్యూసీఎక్స్ మినీ లాంటి మంచి కిట్ కొనమంటారా? మోర్స్ చార్టు షాపు గోడకి అంటించి చుక్కలూ గీతలూ బట్టీ పట్టేశాను గానీ, వింటే ఒక్క అక్షరమూ అందడం లేదు. మా నాన్న "చేతిలో ఫోను పెట్టుకుని ఈ టిక్కుటిక్కులు దేనికిరా" అంటున్నారు. తిత్లీ తుపానుకి రోజుల తరబడి ఫోన్లు లేక పడ్డ పాట్లు ఆయన మర్చిపోయినట్టున్నారు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, మీ కిట్‌లో తప్పు లేదు. పిక్సీ తీరే అంత. ఒక ఆసిలేటర్ ట్రాన్సిస్టరు, ఒక ఫైనల్ ట్రాన్సిస్టరు, ఆడియోకి ఎల్‌ఎం386 ఐసీ, ఫ్రీక్వెన్సీ కదలకుండా పట్టే 7.023 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, చారెడు రెసిస్టర్లూ కెపాసిటర్లూ. కీ నొక్కినప్పుడు సిగ్నల్‌ని బయటికి తోసే ఫైనల్ ట్రాన్సిస్టరే, కీ వదిలితే మిక్సరుగా మారి వచ్చే సిగ్నల్‌ని చెవికి అందిస్తుంది. ఇంత పొదుపైన డిజైన్ చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. అయితే యాంటెన్నా మీదికి వచ్చినదాన్ని వడకట్టే ఫిల్టరంటూ అందులో దాదాపు లేదు. దాని ఫలితమే మీ రాత్రి పాటలు.

మనకి 40 మీటర్ల తరంగాల దగ్గర హామ్ బ్యాండు, అంటే సరదాకి రేడియో నడిపే లైసెన్సుదారుల వాటా, 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా. దాన్ని ఆనుకునే 7.2 నుంచి 7.45 వరకూ షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు ఉంటాయి. వాళ్ల పవర్ కిలోవాట్లలో, చాలాచోట్ల వందల కిలోవాట్లలో. పొద్దు వాలాక ఆకాశంలో పైనుండే అయనోస్ఫియర్ అనే పొర ఆ సిగ్నళ్లని వేల కిలోమీటర్ల అవతల నుంచి తెచ్చి మీ వైరు మీద దింపుతుంది. పిక్సీ పాపం వాటిని మింగలేదు, కక్కలేదు. మీ కిట్‌లో వినే ఫ్రీక్వెన్సీని కొద్దిగా జరిపే పాట్ (వాల్యూమ్ బిరడాలా తిప్పే రెసిస్టరు) ఉంటే తిప్పి చూడండి. మోర్స్ స్వరం హెచ్చుతగ్గులవుతుంది, పాట మాత్రం చెక్కుచెదరదు. అలా అయితే ఆ పాట క్రిస్టల్ దారిన కాక నేరుగా చొరబడుతోందన్నమాట.

దీనికి పది రూపాయల మందు ఉంది. యాంటెన్నాకీ కిట్‌కీ మధ్య ఒక కిలో ఓమ్ పాట్ పెట్టండి: ఒక కొస యాంటెన్నాకి, రెండో కొస గ్రౌండుకి, మధ్య కాలు కిట్‌కి. మెల్లగా తగ్గించండి. లోపలికి వెళ్లే సిగ్నల్ సగమైతే మోర్స్ సగమే తగ్గుతుంది, చొరబడే పాట మాత్రం నాలుగో వంతుకి పడిపోతుంది. ఆ రెండూ తగ్గే తీరు వేరు కాబట్టే ఈ చిట్కా పారుతుంది. వినడానికి మాత్రమే సుమా. పంపే రోజు వచ్చినప్పుడు ఆ పాట్‌ని తీసి పక్కన పెట్టాలి, లేకపోతే ఉన్న అర వాటూ దాన్ని కాల్చడానికే సరిపోతుంది.

ఇంకొకటి. కిట్‌ని ఏ అడాప్టరు మీద నడుపుతున్నారో మీరు రాయలేదు. స్విచింగ్ అడాప్టరు అయితే మీరు చెప్పిన బుస్సులో సగం దానిదే. మీ షాపులో 18650 సెల్సుకి కొదవ ఉండదు. మూడు సెల్స్ వరసగా కట్టి, ప్రొటెక్షన్ బోర్డు పెట్టి, దాని మీద వినండి. ఒక రాత్రి ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసి కూడా వినండి. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టరు కలిసి ఎంత రొద చేస్తున్నాయో మీ చెవే చెబుతుంది. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి కట్టండి.

ఇక లైసెన్సు. ఒక వాటు ఎవరికీ వినపడదని మీరు నమ్మితే ఆ కిట్ కొనడమే దండగ. వినపడుతుందని నమ్మితే లైసెన్సు కావాలి. మధ్యలో ఇంకో మాట లేదు. మంచి వైరు ఉండి, బ్యాండు తెరుచుకున్న రోజున ఒక వాటు వందల కిలోమీటర్లు సునాయాసంగా పోతుంది, అదృష్టం కలిసొస్తే వేలు కూడా దాటుతుంది. హామ్ బ్యాండులో ఇన్ని వాట్ల లోపు అయితే లైసెన్సు అక్కర్లేదనే వెసులుబాటు మన దేశంలో లేదు. కాబట్టి అది చేతికి వచ్చేదాకా మీ పిక్సీలో కీ జాక్ ఖాళీగా ఉండాలి. "ఒక్కసారి నొక్కి చూస్తే ఏం పోయింది" అనే కుర్రాళ్లు నాకు తెలుసు. ఒక్కసారి దగ్గర ఆగినవాడిని మాత్రం చూడలేదు.

పరీక్ష భయపడేంతది కాదు. 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనల ప్రకారం పన్నెండేళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూసే వ్యవహారం ఇది, దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టాలి. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు. రిస్ట్రిక్టెడ్‌కి మోర్స్ పరీక్ష లేదు, కాల్‌సైన్ (మీ స్టేషను గుర్తింపు పేరు) వీయూ3 తో మొదలవుతుంది. జనరల్‌కి నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ వినాలి, పంపాలి, అది వీయూ2. రెండింటికీ రేడియో థియరీ, నిబంధనలు ఉంటాయి. ఐటీఐ చదివి రోజూ సోల్డరింగ్ ఐరన్ పట్టుకునేవారికి థియరీ ఒక నెల పని. నిబంధనల పేపరు దగ్గరే మనవాళ్లు బోర్లా పడతారు, ఎందుకంటే దాన్ని చదవరు. లైసెన్సులో మీ గ్రేడుకి ఏ బ్యాండు, ఎంత పవర్, ఏ ఎమిషన్ (పంపే పద్ధతి) అని రాసి ఉంటుంది. మోర్స్ గుర్తు ఏ1ఏ. ఆ పట్టిక చూసుకోకుండా కీ ముట్టుకోవద్దు. నా సలహా అడిగితే నేరుగా జనరల్‌కే కూర్చోండి. మోర్స్ కోసమే ఈ సరదాలోకి వచ్చి, మోర్స్ పరీక్ష తప్పించుకోవడం ఏం బాగుంటుంది?

ఆ చార్టు సంగతి చూద్దాం. ఇవాళే దాన్ని గోడ మీంచి పీకెయ్యండి. చార్టు కంటికి నేర్పుతుంది, మోర్స్ చెవి పని. "క" శబ్దానికి వాడే కె అక్షరం గీత-చుక్క-గీత అని మీకు తెలుసు. కానీ హెడ్‌ఫోన్‌లో అది వచ్చినప్పుడు మీ బుర్ర "ముందు పొడుగు, తర్వాత పొట్టి, మళ్లీ పొడుగు, అంటే..." అని లెక్క మొదలుపెడుతుంది. ఆ లెక్క తేలేలోపు మూడు అక్షరాలు దాటిపోతాయి. కె అంటే "డాడిడా" అనే ఒక్క మోత, అంతే. మన ఊళ్లలో తప్పెటగుళ్లు చూసే పిల్లలు దెబ్బలు లెక్కపెట్టరు. దరువు మారగానే వాళ్ల కాలు మారుతుంది. మోర్స్ కూడా అలాగే పట్టుబడాలి.

దానికి కోచ్ పద్ధతి అని ఒకటుంది. మొదట రెండే అక్షరాలు, సాధారణంగా కె, ఎం. వాటినే నిమిషానికి 20 పదాల వేగంతో విసురుతుంటారు. వందకి తొంభై సరిగ్గా రాసేదాకా మూడో అక్షరం ముట్టుకోరు. 8 పదాల పరీక్షకి 20 వేగం ఎందుకు అంటారేమో. నెమ్మదిగా వింటే బుర్రకి లెక్కపెట్టే తీరిక దొరుకుతుంది, ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే 10 పదాల దగ్గర గోడలా అడ్డం నిలుస్తుంది. అందుకని అక్షరాన్ని వేగంగానే వినాలి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ మాత్రం పెంచుకోవాలి. ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత సైటులో ఈ పాఠాలన్నీ వరసగా ఉన్నాయి, ఫోనులోనే చేసుకోవచ్చు. రోజుకి పావుగంట చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా వదిలేస్తే మాత్రం ఏమీ మిగలదు.

కొలతలు ఒకసారి మనసులో పెట్టుకోండి, పంపేటప్పుడు పనికొస్తాయి. గీత మూడు చుక్కలంత పొడుగు. అక్షరం లోపల గుర్తుల మధ్య ఒక చుక్కంత ఖాళీ, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. నిమిషానికి 12 పదాల వేగంలో చుక్క పొడుగు సెకనులో పదో వంతు. కొత్తవాళ్ల చేతిలో చుక్కలూ గీతలూ బాగానే ఉంటాయి, ఖాళీలే చెడతాయి. పదాలన్నీ అంటుకుపోతే అవతలివాడికి తల నొప్పి. కీ కొనక్కర్లేదు. రంపం బ్లేడు ముక్క ఒకటి, చెక్క పలక, రెండు ఇత్తడి స్క్రూలు ఉంటే చాలు. బ్లేడు మీది పెయింటు గీకి స్క్రూ తలకి సరిగ్గా ఆనేలా పెట్టండి. దాన్ని ఏ బజరుకో కలిపి లైసెన్సు వచ్చేదాకా షాపులోనే కొట్టుకోండి.

వినడం కూడా పిక్సీ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం రిసీవరుని ఎవరైనా ఫోనులో ఇంటర్నెట్ ద్వారా తిప్పుకుని వినొచ్చు. 7.0 నుంచి 7.03 మధ్య మెల్లగా తిప్పితే అసలైన మనుషులు అసలైన చేత్తో కొట్టే మోర్స్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. మొదట కాల్‌సైన్లు పట్టుబడతాయి, తర్వాత 599 (మీ సిగ్నల్ బాగా వినపడుతోంది), తర్వాత 73 (శుభాకాంక్షలు). చాలా సంభాషణల్లో అంతకంటే పెద్దగా ఉండదు కూడా, కంగారుపడకండి.

ఇప్పుడు క్యూసీఎక్స్ మినీ కొనాలా అన్నది. కొనండి, కానీ ఇప్పుడే వద్దు. అది చాలా మంచి కిట్, అందులో రెండో మాట లేదు. క్యూఆర్‌పీ (తక్కువ పవర్ అని అర్థం) ల్యాబ్స్ అనే సంస్థ పెట్టిన హాన్స్ సమ్మర్స్ 2017లో మొదటి క్యూసీఎక్స్ తెచ్చాడు, మినీ దాని చిన్న రూపం. ఎస్ఐ5351 ఐసీతో బ్యాండంతా తిరుగుతుంది, మూడు బీఎస్170 ట్రాన్సిస్టర్లతో క్లాస్-ఈ పద్ధతిలో మూడు నుంచి ఐదు వాట్లు ఇస్తుంది, ట్యూనింగ్ చేసుకోవడానికి కావలసిన పరీక్ష పరికరాలు కూడా లోపలే ఉంటాయి. మీ పిక్సీతో పోలిస్తే రెండు లాభాలు. రాత్రి పాటల గొడవ పోతుంది. అంతకన్నా ముఖ్యం, 7.023 అనే ఒక్క మేకుకి కట్టేసి ఉండక్కర్లేదు. క్రిస్టల్ రేడియోతో పిలిచేవాడి దగ్గరికి మీరు వెళ్లలేరు, వాళ్లే మీ దగ్గరికి రావాలి. లైసెన్సు వచ్చాక పిక్సీకి జవాబులు రావడం కష్టమయ్యేది పవర్ తక్కువని కాదు, ఇందుకే. తక్కువ పవర్ వాళ్లు 40 మీటర్లలో కలుసుకునే చోటు 7.030. ఆ క్రిస్టల్ ఒకటి తెచ్చి మార్చుకున్నా కొంత మేలు.

పవర్ గురించి చాలామందికి ఉన్న అపోహ ఒకటి తీసేస్తాను. 100 వాట్ల సెట్టు కంటే ఐదు వాట్ల సెట్టు అవతలివాడి సిగ్నల్ మీటరు మీద రమారమి రెండు ఎస్ పాయింట్లే, అంటే రెండు మెట్లే, తక్కువ చూపిస్తుంది. లెక్కలో 13 డెసిబెల్స్. మాట పంపడానికి రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కి నూటయాభై హెర్ట్జ్ సరిపోతుంది. ఉన్న కాస్త పవరూ అంత సన్నటి చోట పోగుపడుతుంది కాబట్టే ఐదు వాట్లకి అంత చేవ.

మరి ఎందుకు ఆగమంటున్నాను? ఆ కిట్‌లో మీకు చేతకానిదల్లా ఒక్కటే, అదే దాన్ని చెడగొడుతుంది: టొరాయిడ్ చుట్టడం, అంటే చిన్న అయస్కాంత పదార్థపు రింగు మీద రాగి తీగ చుట్టడం. చిన్న ఎస్‌ఎండీ ముక్కలన్నీ అతికించే వస్తాయి. ఫోను బోర్డు మీద ఐసీ లేపి పెట్టే చేతికి మిగతా సోల్డరింగ్ ఓ లెక్కా? కానీ తీగ చుట్టడం వేరే విద్య. అందుకని పిక్సీ మీదే దాన్ని నేర్చుకోండి. పిక్సీ వెనక ఉన్న ఫిల్టరు బలహీనం. 7 మెగాహెర్ట్జ్‌తో పాటు 14, 21 దగ్గర కూడా కొంత చెత్త బయటికి వెళ్తుంది. పంపే రోజుకి దానికో మంచి లో-పాస్ ఫిల్టరు (పై ఫ్రీక్వెన్సీలని ఆపేది) ఎలాగూ కావాలి. ఇంగ్లండులో 1974లో మొదలైన జీ-క్యూఆర్‌పీ క్లబ్ వాళ్ల కొలతలు ప్రపంచమంతా వాడుతున్నారు. 40 మీటర్లకి అవి ఇవి: టీ37-6 అనే పసుపు రింగులు మూడు, వాటి మీద వరసగా 21, 24, 21 చుట్లు, కెపాసిటర్లు 270, 680, 680, 270 పికోఫారడ్లు, రెండు కొసల్లో చిన్నవి, మధ్యలో పెద్దవి. కెపాసిటర్లు సీ0జీ రకమే తీసుకోండి, మామూలు సిరామిక్ బిళ్లలు వద్దు.

రింగు పేరులో 37 అంటే బయటి వ్యాసం 0.37 అంగుళం, చిటికెన వేలి గోరంత. రంగు దాని పదార్థం చెబుతుంది: ఎరుపు 2వ రకం, పసుపు 6వ రకం. తీగ రింగు లోపల నుంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. బయటి వైపు లెక్కపెట్టారా, ఒకటి తేడా వస్తుంది. ఇరవై చుట్ల దగ్గర ఒక్క చుట్టు తప్పితే ఇండక్టెన్సు పదో వంతు మారుతుంది, ఫిల్టరు అంచు పక్కకి జరిగిపోతుంది. అరమీటరు తీగ కత్తిరించి, సగం తీగ నుంచి మొదలుపెట్టి ఇటు కొంత, అటు కొంత చుట్టండి. పొడుగు తీగని లాగిలాగి ముడి పడకుండా ఉంటుంది. ప్రతి చుట్టునీ వేలిగోటితో రింగుకి అణచండి. అన్నీ అయ్యాక రింగు చుట్టూ సమంగా పరిచి, మొదలుకీ చివరకీ మధ్య కొంచెం ఖాళీ వదలండి.

అసలు చిక్కు తీగ కొసల దగ్గర ఉంది. సోంపేటలోనో కంచిలిలోనో ఏ మోటార్ వైండింగ్ షాపులో అడిగినా 28 గేజి రాగి తీగ మూర రెండు మూరలు ఊరికే ఇస్తారు. అయితే పంపు మోటార్లకి వాడే ఆ తీగ మీద ఎనామిల్ వేడికి ఊడదు, మోటారు కాలకుండా అలా తయారుచేస్తారు. సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా టిన్ను పైపైన ముద్దలా నిలుస్తుంది, చూడ్డానికి జాయింటు తళతళలాడుతుంది, లోపల కరెంటు పోదు. కిట్లలో వచ్చే తీగకి ఎనామిల్ వేడికే కరిగిపోవచ్చు, అయినా నమ్మొద్దు. బ్లేడుతో నాలుగు పక్కలా గీకి, ఎర్రరాగి కనపడ్డాక టిన్ను పట్టించి, అప్పుడు బోర్డులో దూర్చండి. అతికించాక మల్టీమీటరు బీప్ పెట్టి ఒక కాలు నుంచి రెండో కాలుకి చూడండి. తీగ మీద పెట్టి కాదు, బోర్డు వెనక ప్యాడ్ మీద పెట్టి చూడాలి. బిగించిన కిట్ చచ్చినట్టు పడి ఉంటే ఐసీ పోయిందేమో అని వెతికేవాళ్లే ఎక్కువ, నేనైతే ముందు టొరాయిడ్ కాళ్లు గీకిస్తాను. క్యూసీఎక్స్‌లో నాలుగు చుట్టలున్న టీ50-2 రింగు ఒకటి ఉంటుంది, ఎనిమిది కొసలు. ఈ మూడు రింగులూ నున్నగా చుట్టారంటే దాన్ని చూసి జడిసిపోరు.

లైసెన్సు వచ్చాక మొదటి కీ నొక్కుడు యాంటెన్నా మీద వద్దు, డమ్మీ లోడు మీద, అంటే యాంటెన్నా బదులు పవరుని మింగే రెసిస్టర్ల మీద. 100 ఓంల రెండు వాట్ల కార్బన్ రెసిస్టర్లు రెండు పక్కపక్కన కడితే 50 ఓంలు. తీగ చుట్టిన రెసిస్టర్లు పనికిరావు. దాని మీద డయోడు, కెపాసిటరుతో చిన్న ప్రోబు చేసుకుని శిఖర ఓల్టేజీ కొలవండి. 10 ఓల్టులు చూపిస్తే ఒక వాటు, 7 చూపిస్తే అర వాటు, 22 దాటితే ఐదు వాట్లు. పిక్సీకి 12 ఓల్టుల కంటే ఎక్కువిచ్చి వాట్లు పిండుదామని చూడకండి. ఆ చిన్న ట్రాన్సిస్టరు వేలు పెడితే చురుక్కుమంటుంది, ఆ తర్వాత ఇక బతకదు.

డబ్బు మిగిల్చి ఖర్చుపెట్టాల్సింది వైరు మీద. "పొడుగు వైరు" అని రాశారు, ఎంత పొడుగు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది లేదు. రాయలేదంటేనే నాకు అర్థమైపోయింది. 7.03 కి అర్ధ తరంగపు డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు పక్కలా సాగదీసే వైరు, మొత్తం 20 మీటర్ల పైచిలుకు, ఒక్కో పక్క 10 మీటర్లకి కొద్దిగా ఎక్కువ. పదిన్నర చొప్పున కత్తిరించి, తర్వాత కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రండి. ఉద్దానంలో పుట్టి యాంటెన్నాకి స్తంభం లేదంటే నవ్విపోతారు. మధ్య భాగాన్ని కొబ్బరి చెట్టుకి ఎత్తి, రెండు చేతులూ కిందికి వాల్చి కట్టండి. కాయలు దింపేవాళ్లు వచ్చిన రోజున కప్పీ ఒకటి, నైలాన్ తాడు ఒకటి పైన కట్టించుకుంటే ఆ తర్వాత మీరే కింద నుంచి ఎత్తుకోవచ్చు, దింపుకోవచ్చు. వలలకి వాడే నైలాన్ తాడు బారువలో దొరుకుతుంది, ఎండకీ ఉప్పుకీ ఓర్చుకుంటుంది. మట్టలు గాలికి వైరుని కోసేస్తాయి కాబట్టి చెట్టు నుంచి మూర దూరంగా వేలాడాలి. కరెంటు తీగలు ఏ వైపు ఉన్నాయో చూసి, మీ వైరు తెగి పడినా, తాడు ఊడి ఎగిరినా వాటిని అందుకోనంత దూరంలోనే కట్టండి. దీనికి మినహాయింపు లేదు. ఉరుము వినపడితే కేబుల్ ఊడదీసి బయట పడెయ్యండి.

కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ-6 వాడొచ్చా అని అడగబోతారు. వాడొచ్చు. అది 75 ఓంల కేబుల్, డైపోల్‌కి బాగానే కుదురుతుంది, ఐదు వాట్లకి ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే దాని అల్లిక అల్యూమినియం, టిన్ను పట్టదు. ఎఫ్ కనెక్టరు నొక్కి బిగించి, కనెక్షను దాని నుంచి తియ్యాలి. పైన వైరు, కేబుల్ కలిసే చోట సిలికాన్ పూయండి. మీ తీరం గాలికి పూత లేని రాగి జాయింటు పచ్చబడడానికి ఒక్క వానాకాలం చాలు.

డైపోల్ ఏడెనిమిది మీటర్ల ఎత్తులోనే ఉన్నా నిరుత్సాహపడొద్దు. అంత తక్కువ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా పైకి లేచి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్లలో దిగుతుంది. పగటి పూట విశాఖ, హైదరాబాద్, కోల్‌కతా మీ వలలో పడేది అందుకే. హైదరాబాద్, కోల్‌కతా రెండూ మీకు గీత గీస్తే ఆరు వందల కిలోమీటర్ల అటూ ఇటూ. మీరు పిలిచింది ఎవరైనా విన్నారో లేదో తెలుసుకోవడానికి రివర్స్ బీకన్ నెట్‌వర్క్ ఉంది. ప్రపంచంలో అక్కడక్కడా పెట్టిన రిసీవర్లు వాటంతట అవే సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) విని, మీ కాల్‌సైన్నీ సిగ్నల్ బలాన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేస్తాయి. మనిషి పలకకపోయినా యంత్రం పలికిందంటే మీ వైరు పనిచేస్తున్నట్టే.

కిట్లన్నీ బయటి దేశాల సరుకే అనుకోకండి. హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ తయారుచేసిన బిట్‌ఎక్స్ డిజైన్ చూసి ప్రపంచంలో ఎన్నో దేశాల వాళ్లు సెట్లు కట్టుకున్నారు. మన ఊళ్లలో టొరాయిడ్లు దొరకవని ఆయన మొదటి బిట్‌ఎక్స్‌లో కుళాయి వాషర్ల మీద తీగ చుట్టించాడు. అది మాట పంపే సెట్టు, మీ దారి మోర్స్ అనుకోండి. అయినా ఆ సర్క్యూటు ఒకసారి కాగితం మీద గీసుకుని చదవండి. కిట్ బిగించడానికీ రేడియో అర్థం కావడానికీ మధ్య ఉన్న దూరం అక్కడ తగ్గుతుంది.

నాన్నగారి మాటకి వద్దాం. తిత్లీ పేరు చెప్పి ఆయన్ని ఒప్పించాలని చూడకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర అది తీరం దాటినప్పుడు మీ ఉద్దానంలో నిలబడ్డ కొబ్బరి చెట్లెన్ని? మీ యాంటెన్నా కట్టేది ఆ చెట్లకే. ఒక కుర్రాడి దగ్గర ఒక కిట్ ఉన్నంత మాత్రాన అది ఆపద సమయంలో ఆదుకునే ఏర్పాటు అయిపోదు. అవతల అదే ఫ్రీక్వెన్సీలో, అదే వేళకి చెవి పెట్టి కూర్చునే మనిషి ఉండాలి, ఆ మనిషితో మామూలు రోజుల్లో మాట్లాడిన అలవాటు ఉండాలి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి భారతి ప్రసాద్ రేడియో మీద కబుర్లు అందించగలిగారంటే, ఆమె అప్పటికే అక్కడ సెట్టు పెట్టుకుని రోజూ ప్రపంచంతో మాట్లాడుతున్నారు కాబట్టి. హైదరాబాద్‌లో 1983 నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిన బృందం వాళ్లది. మీరూ అలాంటి పనికి పనికొచ్చే రోజు రావొచ్చు. దానికి చార్జి అయిన బ్యాటరీ, చుట్టి పెట్టిన ఇంకో డైపోల్ వైరు, విశాఖలోనో విజయనగరంలోనో రోజూ పలికే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కావాలి. అవి సమకూరేదాకా ఆయనకి "సరదా నాన్నా" అనే చెప్పండి. పేకాట కంటే చవక, పైగా ఇంట్లోనే ఉంటారు. టెలిగ్రాములు 2013 జులై దాకా నడిచాయి, ఆయన వయసు వాళ్లకి ఆ కబుర్లు బాగానే గుర్తుంటాయి. పోస్టాఫీసులో టిక్కుటిక్కులు విన్న జ్ఞాపకం ఉందేమో ఓ రాత్రి హెడ్‌ఫోన్ ఆయన చెవికి పెట్టి అడగండి.

ఈ వారం చేయాల్సినవి పాట్ పెట్టడం, బ్యాటరీ మీదికి మార్చడం, చార్టు పీకడం. దరఖాస్తు కూడా ఈ నెలలోనే పెట్టెయ్యండి, పరీక్ష తేదీ కోసం ఎదురుచూసే కాలమే మోర్స్‌కి మీ చదువు కాలం. కాల్‌సైన్ వచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి. అప్పుడు వైరు పొడుగు, మధ్యభాగం ఎత్తు, బ్యాటరీ ఓల్టేజీ, ఏ వేళ ఏ ఫ్రీక్వెన్సీలో పిలిచారో అన్నీ ఉండాలి. అవేవీ లేకుండా "ఎవరూ పలకడం లేదు" అని ఒక్క ముక్క రాస్తే ఇక్కడ కూర్చుని నేను చెప్పగలిగిందేమీ ఉండదు.